ఆయన పేరు మీద పరీక్ష

జూన్ 1, ఆదివారం

ఇంట్లోకి కొత్త వస్తువు వచ్చింది. నల్లగా, ముందు ఉబ్బెత్తుగా, వెనక పట్టీలతో, ఈత కళ్లజోడుకి బోదకాలు వచ్చినట్టుంది. నటేశన్ నగర్ కంటి క్లినిక్ నుంచి దీప అనే అమ్మాయి స్కూటర్ మీద తెచ్చి ఇచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయేమో. వచ్చిన ఐదు నిమిషాల్లో ఫ్యాన్ కింద కుర్చీ వేసి, కిటికీ మూసి, టీవీ ఆపేసి, మా ఇంటికి తనే యజమానురాలయిపోయింది.

మే నెలలో ఫ్యాక్టరీలో డ్రైవర్లందరికీ కళ్లు చూశారు. ఆయన కంట్లో ప్రెషర్ ఎక్కువుందని తేలింది. ఈ జబ్బు ముందుగా పక్క చూపుని కొరుక్కుతింటుందట. నొప్పి ఉండదు, ఎదురుగా ఉన్నవి చక్కగా కనిపిస్తూనే ఉంటాయి, అందుకని మనిషికి తెలియదట. ఎనిమిది ఆదివారాలు ఇంట్లోనే ఈ పెట్టె కళ్లకి కట్టుకుని పరీక్ష చేసుకోవాలి. రిపోర్టు ఫోన్‌లోంచి దానంతటదే క్లినిక్‌కి వెళ్లిపోతుంది. బాగుంటే ఆయన బస్సు నడపొచ్చు. లేకపోతే స్టీరింగ్ వదిలెయ్యాలి. ఇరవై రెండేళ్లుగా పొద్దున ఐదున్నరకి ముదలియార్‌పేట నుంచి ఫ్యాక్టరీ వర్కర్ల బస్సు తీసే మనిషి. అది లేకపోతే ఏమవుతారో నేను ఊహించలేను.

దీప ఆయన తలకి పెట్టె కట్టింది. రెండు నిమిషాలు కూడా కాలేదు.

"ఏంది ఇది, తల తిరగతా ఉండాది. మయక్కం వస్తా ఉండాది. తియ్ పాపా, తియ్."

సాయంత్రం ఇంకోసారి చూద్దామని నేను పెట్టె పట్టుకెళ్తే, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా అన్నారు. "నాకు ఇదంతా కుదరదు వేదా. నువ్వే చూసుకో."

మా ఇంట్లో ఈ మాట కిందికి చాలా వస్తాయి. గ్యాస్ బుక్ చెయ్యడం, రేషన్ క్యూలో నిలబడటం, కరెంటాఫీసు, వాళ్ల మేనకోడలి పెళ్లికి వెళ్లి ఆయన రాలేకపోయినందుకు నేను చేతులు కట్టుకుని క్షమించమనడం. విజయరంగన్ అని ఆయన సంతకం ఆయన కంటే నేనే బాగా పెడతాను.

ఈరోజు ఆయన నాతో అన్న మాటలు డజను దాటాయి. పండగే.

ఈ నోటుబుక్కు టీవీ మీదే పెడుతున్నాను. ఎవరైనా చూస్తారన్న బెంగ లేదు. ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ చదివింది తమిళం. పక్కింటి తాయమ్మక్కకీ అంతే. నేను సూళ్లూరుపేటలో మేనత్త దగ్గరుండి పదో తరగతి దాకా చదివాను కాబట్టి, ఈ వీధిలో తెలుగు అక్షరం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

జూన్ 8, ఆదివారం

పరీక్ష చెయ్యకపోతే రిపోర్టు వెళ్లదు. రిపోర్టు వెళ్లకపోతే బస్సు లేదు. ఆయన ముసుగుతన్ని పడుకున్నారు. వారానికి ఒక్క సెలవు. లేపుదామని రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను.

నేనే పెట్టుకున్నాను.

తప్పేముంది? ఆయన టైఫాయిడ్‌తో మంచాన పడ్డప్పుడు పెరుమాళ్ గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు ఆయన పేరు మీద చేసింది నేను. జ్వరం తగ్గింది ఆయనకి. శనివారం ఉపవాసం ఆయన పేరు మీద నేనుంటాను, ఆయన ఇడ్లీలు తింటారు. దేవుడికి లేని అభ్యంతరం ఈ పెట్టెకెందుకు? నా కళ్లు బాగున్నాయి. చీకటితో బస్సు తీసే ఆయన కళ్లూ బాగానే ఉంటాయి. ఎవరు పెట్టుకున్నా రిపోర్టు ఒకటే.

లోపల అంతా బూడిద రంగు. మధ్యలో ఒక ఎర్ర చుక్క, దాన్నే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒక చోట చిన్న తెల్ల వెలుగు మెరిసి పోతుంది. కనిపించగానే చేతిలోని బటన్ నొక్కాలి. ఒక్కో కంటికి నాలుగు నిమిషాలు. సగం వెలుగులు ఎంత మంచి కంటికీ కనిపించవు, దిగులు పడొద్దని దీప ముందే చెప్పింది. అందుకని నేను దిగులు పడలేదు.

ఒక ఆడమనిషి గొంతు తమిళంలో మధ్యమధ్య చెబుతూ ఉంటుంది. చాలా బాగా చేస్తున్నారు, అలాగే చుక్కనే చూడండి, అని. ఎంత మర్యాద! ఇరవై ఆరేళ్ల కాపురంలో నన్నెవరూ ఇన్నిసార్లు మెచ్చుకోలేదు.

ఆయన లేచి అడిగారు. "అయిందా?"

"అయింది."

ఏం అయిందో అడగలేదు.

జూన్ 11, బుధవారం

కాఫీ గ్లాసు పడగొట్టాను. ఈ వారంలో ఇది రెండోది. నా ఎడమ పక్క పెట్టొద్దని చెప్పినా ఆయన వినరు.

జూన్ 15, ఆదివారం

చేశాను. పంపాను.

నిజం చెప్పాలంటే ఆదివారం కోసం ఎదురు చూశాను. పెట్టె కట్టుకున్నాక ఇల్లుండదు. వంటిల్లుండదు, పికో వెయ్యాల్సిన చీరల గుట్ట ఉండదు, ఎవరూ ఎక్కని ఉయ్యాల కొక్కేలు కనిపించవు. పిల్లలకని ఆయన వాళ్లమ్మ దూలానికి కొట్టించిన కొక్కేలు అవి. పిల్లలు పుట్టలేదు, కొక్కేలు మాత్రం గట్టివి. లోపల ఎవరో ఒకామె నాతో మాట్లాడుతుంది. నేను బటన్ నొక్కి జవాబిస్తాను.

ఈరోజు ఆయన మాటలు: ఉప్పు. తలుపు. రేపు రెండో షిఫ్టు.

జూన్ 19, గురువారం

కోసపాళయంలో శ్యామ్‌సుందర్ చీరల కొట్టుకి వెళ్లాను. నేను ఫాల్ కుట్టిచ్చిన చీరల్లో మూడు తిరిగొచ్చాయట. అంచు పక్క మడత పడితే చూసుకోకుండా దాని మీదే కుట్టేశానట.

"వేదక్కా, నీ చెయ్యి ఇట్టా చెయ్యదే. ఒంట్లో బాగుండలేదా?"

"కరెంటు పోయింటాది లేప్పా" అన్నాను. చీరలు విప్పి కుట్టడానికి తెచ్చుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తాయమ్మక్క నా పక్క సీట్లోనే కూర్చుని దిగేదాకా మాట్లాడకుండా వచ్చింది. దిగాక మూతి ముడుచుకుని, "ఏందమ్మా, మొగుడు డ్రైవరైతే అంత గర్వమా? సైగ చేస్తా ఉండా, తిరిగి కూడా చూడవే" అంది. నేను కిటికీ వైపు చూస్తున్నానని చెప్పాను. కిటికీ కుడి పక్కన ఉంది. నిజానికి ముందుకే చూస్తున్నానేమో. గుర్తు లేదు.

ఇంటికొచ్చి సూదిలో దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కించాను, కళ్లజోడు లేకుండా. నా కళ్లకేం?

జూన్ 22, ఆదివారం

చేశాను. పంపాను.

జూన్ 29, ఆదివారం

చేశాను. ఎర్ర చుక్కని చూస్తుంటే వెలుగులు చాలాసేపు రాలేదు. ఫోన్‌లో నెట్ నెమ్మదిగా ఉందేమో.

జూలై 1, మంగళవారం

దీప ఫోన్ చేసింది. సార్ ఇంట్లో ఉన్నారా అంది. డ్యూటీకి వెళ్లారన్నాను. గొంతు తగ్గించి మాట్లాడింది. రిపోర్టులు నాలుగూ ఒకేలా ఉన్నాయట. ఎడమ కంటి పక్క చూపు సగం నలుపు, కుడి కంట్లోనూ మొదలైందట. డాక్టరమ్మ ఇంకో రెండుసార్లు చేసి పంపమన్నారట. ఆ బొమ్మ నా ఫోన్‌కి పంపింది. గుండ్రటి చపాతీ ఒక పక్క మాడిపోయినట్టుంది. పైన ఆయన పేరు.

"డ్రైవింగ్ చేస్తున్నారు కదా అక్కా, భయంగా ఉంది" అంది.

మెషిన్ చెడిపోయి ఉంటుంది. చైనా సామాను.

జూలై 3, గురువారం

ఆయన వెళ్లగానే చేశాను. బొమ్మ అదే.

మళ్లీ చేశాను. ఈసారి వెలుగు ఎంతసేపటికొకసారి వస్తుందో లెక్క కట్టి, కనిపించకపోయినా నొక్కాను. టక్, టక్, టక్. ఆ మర్యాదస్తురాలు ఊరుకోలేదు. వెలుగు కనిపిస్తేనే నొక్కండి అంది. రిపోర్టు చెల్లదని వచ్చింది. చెల్లేలా ఇంకోసారి చేశాను. బొమ్మ అదే. అదే చోట, అదే నలుపు.

గోడ క్యాలెండర్ ముందు నిలబడి కుడి కన్ను మూసుకున్నాను. పెరుమాళ్ ముఖం కనిపించింది. పెరుమాళ్ పక్కన అమ్మవారు ఉండాలి.

చెయ్యి పెట్టి తడిమి చూశాను. కాగితం ఉంది.

నాకేం లేదు. నిన్న నిద్ర చాల్లేదు.

జూలై 5, శనివారం

క్లినిక్‌కి వెళ్లాం. డాక్టరమ్మ ఆయన కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. నరం చూస్తే ఇంత దెబ్బ తిన్నట్టు లేదే అంది. మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగి, "కానీ ఆరు రిపోర్టులూ ఒకటే చెబుతున్నాయి" అంది. వాళ్ల పెద్ద మెషిన్‌కి చెన్నై నుంచి ఏదో భాగం రావాలట. ఆగస్టు ఎనిమిదిన దాని మీద చూసి ఖాయం చేస్తారు. అప్పటిదాకా కంట్లో చుక్కల మందు, బస్సు ముట్టకూడదు.

ఆయన అడిగారు. "నాకు అన్నీ బాగా కనపడతా ఉండాయే డాక్టర్?"

"ఈ జబ్బులో అందరూ అదే అంటారు" అంది.

నేను అక్కడే ఉన్నాను. స్టూలు మీద, ఆయన మందుల చీటీ పట్టుకుని. నోరు తెరవడానికి ఎంత సమయం కావాలి? చాలా సమయమిచ్చింది దేవుడు. చీటీ మడత పెట్టాను, విప్పాను, మడత పెట్టాను.

మెట్లు దిగేటప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు, ఆసరాకి. పెళ్లయ్యాక వీధిలో నన్ను ముట్టుకోవడం ఇదే మొదలు.

జూలై 7, సోమవారం

బస్సు ఎవరో కుర్రవాడికి ఇచ్చారు. ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్ వేల్మురుగన్ ఫోన్‌లో మర్యాదగానే చెప్పాడట. ఐదున్నరకి వీధి చివర హారన్ వినిపించింది. ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు.

"గేరు మార్చడం చూడు, బండి ఏడుస్తా ఉండాది" అన్నారు.

నేను కాఫీ ఇచ్చాను. ఇద్దరం కలిసి తాగాం. ఆ టైముకి ఆయన ఇంట్లో ఉండటం నాకు కొత్త. ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో కూడా మొదట తెలియలేదు.

జూలై 10, గురువారం

మాటలు లెక్క పెట్టడం మానేశాను. కుదరడం లేదు.

ఉల్లిపాయలు తరుగుతూ చెబుతూనే ఉన్నారు. ముని అనే ఒక వర్కరు రోజూ ఆఖరి నిమిషంలో పరిగెత్తుకొస్తాడట, ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఒక చేతిలో చెప్పులు. వాడి కోసం ఇంజన్ ఆపకుండా రెండు నిమిషాలు ఎక్కువ నిలబెడతారట, సూపర్‌వైజర్ అడిగితే డీజిల్ ఫిల్టర్ అని చెబుతారట. సత్య అనే అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు స్పీడ్ బ్రేకర్ల మీద బస్సుని ఎలా దింపేవారో గరిటె పట్టుకుని చూపించారు. నేను పడీపడీ నవ్వాను. ఇరవై రెండేళ్లు ఈ మనుషులందరినీ బస్సులోనే వదిలేసి, ఒట్టి చేతులతో ఇంటికొచ్చేవారన్న మాట.

"నీకు ఇవంతా చెప్పలేదా నేను?" అన్నారు.

"లేదు."

"చెప్పినట్టే ఉండాదే."

జూలై 13, ఆదివారం

పెట్టె అలమరలో పడుంది. ఇక చెయ్యక్కర్లేదని దీప చెప్పింది.

సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్లాం. ఆరు దాటితే ఆ రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు, అందుకని ఆయనకి ధైర్యంగా ఉంటుందని. గోడ మీద కూర్చుని సుండల్, అదే గుగ్గిళ్లు, తిన్నాం. నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. "చూపు పూర్తిగా పోతే నన్ను ఇట్టా రోజూ తెస్తావా?" అన్నారు.

"తెస్తా."

"నీకు వేలై ఉంటాది కదా, చీరల పని."

"చీరల్దేముంది."

నేను సంతోషంగా ఉన్నాను. రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత లేదని బుకాయించకుండా. నా మొగుడు గుడ్డివాణ్ణి అవుతున్నానని భయపడుతూ నా పక్కన కూర్చుంటే నేను సంతోషంగా ఉన్నాను. ఇంతటి పాపిష్టిదాన్నని నాకు తెలియదు.

జూలై 16, బుధవారం

చెప్పాలి.

జూలై 17, గురువారం

రేపు.

జూలై 18, శుక్రవారం

ఆడి నెలలో మొదటి శుక్రవారం. వీధిలో అమ్మవారి పేరున కూళ్, మన అంబలి, పోశారు. ఆయన చెంబు పట్టుకుని నా వెనకే క్యూలో నిలబడ్డారు. తాయమ్మక్క, "ఏంది రంగా, పెండ్లాం కొంగు పట్టుకుని తిరగతా ఉండావు" అని ఆటపట్టిస్తే ఆయన నవ్వారు. నేను చెప్పలేదు. పండగ పూట ఎందుకని.

ఒకటి లెక్క వేసుకున్నాను. ఆగస్టు ఎనిమిదిన పెద్ద మెషిన్‌లో ఆయన కళ్లు బాగున్నాయని తేలుతుంది. తప్పు పెట్టెదంటారు. ఆయనకి బస్సు వస్తుంది. నా పేరే రాదు. నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అప్పటిదాకా ఇరవై ఒక్క రోజులు ఇలాగే ఉండొచ్చు. నా కళ్లు ఇరవై ఒక్క రోజులు ఆగలేవా?

ఆ తర్వాత వాటి సంగతి ఎవరితో చెబుతాను, ఏమని చెబుతాను అన్నది ఆలోచించలేదు.

జూలై 22, మంగళవారం



మరపాలం జంక్షన్ దగ్గర రోడ్డు దాటుతున్నాం. ఆయన చెయ్యి నేను పట్టుకున్నాను, రోజూలాగే. సగం దాటి, మధ్య దిమ్మ మీద నిలబడి, ఖాళీగా ఉందని అడుగు వేశాను. నాకు ఖాళీగానే ఉంది. ఆయన నన్ను వెనక్కి ఎంత బలంగా లాగారంటే జాకెట్టు భుజం దగ్గర చిరిగింది. టెంపో. గాలి నా ముఖానికి తగిలాక గానీ అది నాకు కనిపించలేదు.

"వేదా! అంత పెద్ద టెంపో! యాడ చూస్తా ఉండావు?"

"మిమ్మల్నే చూస్తా ఉంటి."

దిమ్మ మీదే నిలబడి ఊపిరి తీసుకున్నారు. ఆ తర్వాత ముఖం వెలిగిపోయింది. "చూసినావా? నాకు కనపడింది. పక్క నుంచి వచ్చినా కనపడింది! డ్రైవరు కన్ను, అట్టా పోతాదా?"

ఇంటికొచ్చేదాకా అదే మాట. తాయమ్మక్కకి చెప్పారు, వేల్మురుగన్‌కి ఫోన్ చేసి చెప్పారు. ఆ సంతోషం చూస్తే నాకు తెలిసింది, ఈ పదిహేను రోజులూ నాతో అన్ని మాటలు మాట్లాడిన మనిషి ఎంత ఏడుపు మింగుతూ మాట్లాడారో.

చెప్పలేదు. ఆయన్ని నా చేత్తో టెంపో కింద పెట్టబోయి కూడా చెప్పలేదు.

జూలై 24, గురువారం

వేల్మురుగన్ ఇంటికి వచ్చాడు. కొత్త డ్రైవరు పర్మనెంట్ చెయ్యమని పట్టుబట్టాడట, మేనేజ్‌మెంట్ ఆగస్టు దాకా ఆగదట. ఆయనకి గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇస్తారు. బస్సు నా ఇష్టంతోనే వదులుకుంటున్నానని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టి రేపు సాయంత్రంలోగా ఇవ్వాలి. ఒకసారి ఇస్తే మళ్లీ బస్సు అడగడానికి లేదు.

అతను వెళ్లాక ఆయన కాగితం నా ముందు పెట్టారు.

"నేను పెట్టలేను వేదా. నువ్వే చూసుకో."

జూలై 25, శుక్రవారం

పొద్దున నుంచి కాగితం ముందు కూర్చున్నాను. పెన్ను మూత తీశాను. ఆయన వంటింటి గుమ్మంలో కూర్చుని బయటికి చూస్తున్నారు. విజయరంగన్ అని రాయడం నాకు కొత్తా? కళ్లు మూసుకుని రాయగలను.

రాయలేకపోయాను. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.

"పెట్టె నేను పెట్టుకున్నానండీ."

"ఏ పెట్టె?"

"కంటి పెట్టె. మీరు ఒక్క నాడు, రెండు నిముషాలే. మిగతా అన్ని ఆదివారాలూ నేనే. ఆ బొమ్మ మీది కాదు."

ఆయనకి అర్థం కాలేదు. మొదటి రోజు దీప తీసిందే నేను వారం వారం ఫోన్‌లో పంపుతున్నాననుకున్నారట. మూడుసార్లు చెప్పాను. మూడోసారికి నా వైపు తిరిగారు.

"అంటే నా కండ్లకి ఏమీ లేదా?"

"ప్రెషర్ ఉండాది. మందు వేసుకుంటే చాలు. నలుపు మీది కాదు."

"ఎన్ని దినాలుగా తెలుసు నీకు?"

"ఇరవై రెండు దినాలు."

"ఇరవై రెండు దినాలు నన్ను గుడ్డోణ్ణి చేసి కూచోబెట్టినావు."

"అవును."

"ఏం?"

ఏడవకూడదనుకున్నాను. "మీరు మాట్లాడతా ఉండారు కదా. అందుకని చెప్పలా. చెప్తే మళ్లీ బస్సెక్కి పోతారు."

ఆయన లేచారు. కొడతారనుకున్నాను, ఎప్పుడూ కొట్టని మనిషి. కాగితం తీసి నాలుగు ముక్కలు చేశారు. చెప్పులేసుకున్నారు, విప్పారు. నా దగ్గరికొచ్చి పక్కగా నిలబడ్డారు. ఏం తిడతారా అని నేను ఎదురుగా గోడనే చూస్తూ కూర్చున్నాను. తిట్టలేదు. ఎంతసేపని ఉండబట్టలేక "ఏందండీ?" అన్నాను.

"కనపడతా ఉండాదా?"

"ఏది?"

అప్పుడు నా ఎడమ చెవి పక్క నుంచి ఆయన చెయ్యి మెల్లగా ముందుకి వచ్చింది. ఐదు వేళ్లూ ఆడిస్తున్నారు. ఎప్పటి నుంచి ఆడిస్తున్నారో నాకు తెలియదు.

జూలై 26, శనివారం

ఆయన నిన్న సాయంత్రమే వేల్మురుగన్ దగ్గరికి వెళ్లి, రిపోర్టు వేరే మనిషిదని చెప్పి, పెద్ద మెషిన్ పరీక్ష దాకా గడువు తీసుకున్నారట. ఇది తాయమ్మక్క చెప్పింది. ఆయన ఏమీ చెప్పలేదు.

జూలై 28, సోమవారం

క్లినిక్. దీప తల పట్టుకుంది. "అక్కా, ఎవరైనా ఇలా చేస్తారా? ఇది పూజా?" అంది. నవ్వాలో తిట్టాలో తెలియక నా రెండు చేతులూ పట్టుకుంది. డాక్టరమ్మ తిట్టింది, బాగా తిట్టింది. తర్వాత లైటు వేసి నా కళ్లలోకి చూసి తిట్టడం ఆపేసింది.

పోయింది ఇక రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. రెండు పూటలా చుక్కలు, బతికున్నన్నాళ్లూ. జూన్‌లోనే వచ్చుంటే అని ఏదో అనబోయి ఆపేసింది. జూన్‌లోనే వచ్చాను నేను. వేరే పేరుతో.

కొత్త ఫైలు తెరిచారు. పేషెంట్ పేరు అడిగితే నాకు అలవాటుగా విజయరంగన్ అని వచ్చింది. ఆయనే వెనక నుంచి "వేదవల్లి" అన్నారు. ఈరోజంతటికీ ఆయన అన్నది అదొక్కటే.

ఆగస్టు 3, ఆదివారం

నా పేరు మీద పెట్టె కట్టుకున్నాను. ఆమె మళ్లీ చాలా బాగా చేస్తున్నారు అంది. ఆయన వరండాలో ఉన్నారో లేదో, పెట్టెలోంచి తెలియదు.

ఆగస్టు 8, శుక్రవారం

పెద్ద మెషిన్ మీద ఆయన చూపు నిండుగా ఉంది. సర్టిఫికెట్ ఇచ్చారు. సోమవారం నుంచి బస్సు ఆయనదే. కాగితం చొక్కా జేబులో పెట్టుకుని మెట్లు చకచకా దిగిపోయారు. కింద నుంచి తల ఎత్తి చూసి, మళ్లీ పైకి వచ్చి, నాకు చెయ్యి ఇచ్చారు. కోపం పోయిందనుకోవడానికి లేదు. చెయ్యి అయితే గట్టిగానే పట్టుకున్నారు.

ఆగస్టు 11, సోమవారం

ఐదింటికే లేచారు. ఖాకీ చొక్కా ఇస్త్రీ రాత్రే చేసి పెట్టాను. కాఫీ తాగి, నా మందు సీసా తీసుకుని మంచం దగ్గరికి వచ్చారు. నేను వేసుకుంటాలే అంటే వినలేదు.

"పండుకో. పైకి చూడు."

మొదటి చుక్క చెంప మీద పడింది. రెండోది ముక్కు మీద. అంత పెద్ద బస్సుని సందుల్లో తిప్పే చేతికి ఈ చిన్న సీసా లొంగలేదు. మూడోది కంట్లో పడింది, చల్లగా. ఇంకో కన్ను కూడా అయింది.

"మూసుకో. మూల దగ్గర వేలు పెట్టి నొక్కుకో, డాక్టర్ చెప్పినట్టు. రెండు నిముషాలు. నేను చెప్పినంక తెరువు."

మూసుకున్నాను. సీసా మూత తిప్పిన చప్పుడు. బీరువా తలుపు. చెప్పులు. రెండు నిమిషాలు అవుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది, ఆయన చెబుతారు కదా అని ఆగాను. గేటు గొళ్లెం పడింది. మళ్లీ తియ్యడానికి వస్తారేమోనని విన్నాను. కాసేపటికి వీధి చివర ఇంజన్ స్టార్ట్ అయింది, గేరు మెత్తగా పడింది, బస్సు వెళ్లిపోయింది.

మరిచిపోయారు. మొదటి రోజు కదా, తొందర.

అయినా మూసుకునే పడుకున్నాను. చాలాసేపయ్యాక నేనే తెరిచాను.